రెండో గడి

టైలరమ్మ ఇద్దరు పిల్లలకు చదువు చెబుతుందని వీధిలో అనుకునేవారు. ఇంట్లో ఉన్నది ఒక్క పాపే. పెద్దవాడు పోయి అప్పటికి రెండేళ్లు.

"రోజూ పొద్దున ఇద్దరికీ జ్వరం చూసి పుస్తకంలో రాస్తారండీ. బట్టలివ్వడానికి వెళ్లి నా కళ్లతో చూశా. రెండు గడులు," అన్నాడు ఇస్త్రీ అతను. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి ఆడబిడ్డ చెవి దాకా వెళ్లింది. టైలరమ్మ భర్త పని మీద దూరాన ఉంటాడు.

రెండేళ్ల కిందట ఒక పొద్దున పెద్దవాడు ఒంట్లో బాగోలేదంటే, బడి ఎగ్గొట్టే వేషాలనుకుని పంపించేసింది టైలరమ్మ. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడలేదు. చెయ్యి మిషను మీద ఉంది. సాయంత్రానికి ఆసుపత్రి, మూడోనాటికి అంతా అయిపోయింది.

అందుకే ఆరేళ్ల పాపకు చదువు ఇంట్లోనే. ఏడింటికి థర్మామీటరు. తర్వాత హ్యాంగరుకు రెండు డబ్బా మూతలు కట్టిన త్రాసులో గుండీలతో తూకాలు. పదింటికి కిటికీ ఊచ నీడ వెంట సుద్దముక్కతో గీత, కుట్టు టేపుతో కొలత. మధ్యాహ్నం తడిగుడ్డలో మొలకెత్తిన చిక్కుడు గింజకు బొమ్మ. ఏ గంట పని ఆ గంటకే. మధ్యలో కాస్త ఖాళీ దొరికిందంటే చాలు, గుమ్మంలో బడి బూట్లు విప్పుతున్న చప్పుడు ఆమెకు వినిపించేది.

ఒక పొద్దున ఏడు కాకముందే ఆడబిడ్డ సంచీతో దిగింది.

"వదినా, అన్నయ్యతో ఫోన్లో మాట్లాడే వచ్చా. జనం అనేది నిజమైతే పాపను నాతో తీసుకెళ్లిపొమ్మన్నాడు. మా దగ్గర బడిలో వేస్తా."

టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎంతకీ ఎక్కడం లేదు.

గడియారం చూసుకుని పాప థర్మామీటరు తెచ్చుకుంది.

"నన్ను మాట్లాడించకత్తా, లెక్క తప్పుతుంది."

చంకలో పెట్టుకుని మూడు నిమిషాలు వేళ్ల మీద లెక్కపెట్టింది. వంకర అంకెలతో తొంభై ఎనిమిది అని రాసింది. తర్వాత థర్మామీటరును గట్టిగా విదిలించింది.

"ఎందుకే అలా?"

"విదిలించకపోతే పాత జ్వరమే చూపిస్తుందత్తా."

ఆడబిడ్డ చూపు పుస్తకంలో పక్క గడి మీద ఆగింది. "మరి ఇది ఎవరిదే?"

"ఇవాళ్టికి చాల్లే తల్లీ, పుస్తకం మూసెయ్," అంది టైలరమ్మ.

"అలా కుదరదు. నువ్వేగా రోజూ రాయాలన్నావు." పాప వెళ్లి థర్మామీటరు తల్లి చంకలో దూర్చింది. మళ్లీ లెక్క.

"నూట రెండు. నిన్న నూట ఒకటి. ఎవరికీ చెప్పొద్దంది అమ్మ, అత్తా. చెప్తే నన్ను తీసుకెళ్లిపోతారట."

ఆడబిడ్డ సంచీ కింద పెట్టి వదిన నుదుటి మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు.

"పడుకో వదినా. పాప ఎక్కడికీ రాదులే."

"పదింటికి నీడ గియ్యాలి," అంది పాప.

"నేను గీస్తా. సుద్దముక్క ఎక్కడుందో చూపించు."

వీధి అంతా చెప్పుకున్న ఆ రెండో గడి పోయినవాడిది కాదు. నాకు చూస్తే నీకూ చూడాలని మొదటిరోజే పాప పట్టుబట్టి గీయించిన, వాళ్లమ్మ గడి.