తుడవకూడని ప్యానెల్

శుభ్రమ్మ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడిగే పన్నెండు మంది ఆడవాళ్లలో ఆమె ఒకతె. మిగతావాళ్లు కనిపించిన మురికిని కడిగేవాళ్లు. ఈమె కనిపించని మురికిని కూడా వెతికి పట్టుకుని కడిగేది. అందుకే ఆ పేరు పెట్టారు. పొగుడుతున్నారో వెక్కిరిస్తున్నారో ఆమె అడగలేదు, వాళ్లూ తేల్చి చెప్పలేదు.

పని తెల్లవారుతూనే మొదలయ్యేది. ఎండెక్కి కాలిన అద్దానికి చన్నీళ్లు తగిలితే పగులుతుంది కాబట్టి, పొద్దు పైకొచ్చేలోగా పొడుగు కర్ర బ్రష్షులతో వరస తర్వాత వరస కడిగేసి తప్పుకోవాలి. నీళ్ల ట్యాంకరు నడిపేది శుభ్రమ్మ మొగుడే. పక్కనున్న కొండమీద అదే కంపెనీ గాలిమరలుండేవి. గాలి బాగా వీచిన రోజు అక్కడివాళ్లు మురిసిపోయేవాళ్లు. ఆ గాలే దుమ్మంతా మోసుకొచ్చి ప్యానెళ్ల మీద పోసేది, కింద వీళ్ల నడుములు పడిపోయేవి. గాలి గురించి రెండు చోట్లా ఒకే మాట ఏనాడూ వినపడలేదు.

ఇంట్లో అత్తగారికి అసలు ఇదొక పనేనా అని సందేహం.

"బట్టలు కుట్టేవాడు చొక్కా చూపిస్తాడు. మేస్త్రీ గోడ చూపిస్తాడు. నువ్వు ఏం చేసొచ్చావో చూపించవే?" అనేది.

"ఏం చూపించను అత్తయ్యా? కడిగేశాక అక్కడేమీ ఉండదు."

"నేననేదీ అదే," అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది.

శుభ్రమ్మ నవ్వేసి ఊరుకునేది గానీ, ఆ మాట రోజూ గుచ్చుకునేది. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెను ఎవరూ చూడలేదు. ఒక్కరోజు జ్వరమొచ్చి తోమకపోతే అందరూ చూశారు.

ఇదిలా ఉండగా, కంట్రోల్ రూము గోడ పక్కన ఇనప స్టాండు మీద రెండు చిన్న ప్యానెళ్లు కొత్తగా వెలిశాయి. ఒకటి ఎప్పుడూ తళతళలాడేది. రెండోది దుమ్ముకొట్టుకుపోయి ఉండేది. అవి ఎవరి వరసలోకీ రావు. ఒకే ఇంట్లో ఒక పిల్లకు స్నానం చేయించి రెండోదాన్ని మట్టిలో వదిలేసినట్టుందని శుభ్రమ్మ ప్రాణం కొట్టుకుంది. పని ముగించుకుని పోతూ పోతూ రెండోదాన్ని చేతిగుడ్డతో తుడిచేసేది. అలా నాలుగు నెలలు రోజూ తుడిచింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత పని కాదని ఆమె ఉద్దేశం.

ఐదో నెలలో సూపర్‌వైజరు ఒక కాగితం పట్టుకొచ్చి, గొంతు సవరించుకుని చదివాడు. ఈ ప్లాంటులో దుమ్ము వల్ల నష్టమేమీ లేదని యంత్రం తేల్చిందట. అందుచేత వచ్చే నెల నుంచి కడగడం ఆపేస్తున్నారు. కడిగేవాళ్లూ అక్కర్లేదు, ట్యాంకరూ అక్కర్లేదు.

"మేం కడగబట్టే కదా సార్ నష్టం లేనిది?" అంది ఒకామె.

"ఆ ముక్క యంత్రానికి చెప్పు," అన్నాడు.

యంత్రం మాట వినదు కాబట్టి అందరూ కలిసి ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ ఓపికగా చెప్పింది.

"గోడ పక్కన రెండు చిన్న ప్యానెళ్లున్నాయి చూడండి. ఒకదాన్ని మా మనిషి రోజూ తుడుస్తాడు. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోరు. రెండిటి కరెంటుకీ ఎంత తేడా ఉంటే, మీరు కడక్కపోతే ప్లాంటుకు అంత నష్టమన్నమాట. నాలుగు నెలలుగా తేడా సున్నా. అంటే ఇక్కడి గాలిలో దుమ్మే లేదని పైవాళ్లు నమ్మేశారు."

అలా చెప్తూనే ఆవిడ బల్ల మీది దుమ్మును అరచేత్తో పక్కకు తోసుకుంది.

శుభ్రమ్మకు అప్పుడు తెలిసింది. తన పని, మొగుడి పని, మరో పదకొండు మంది పని తన చేతులారా పోగొట్టింది. ట్యాంకరు దగ్గరికెళ్లి మొగుడికి చెప్పింది.

"రేప్పొద్దున గుప్పెడు మన్ను దానిమీద కొట్టి, నోరు మూసుకుని వచ్చెయ్," అన్నాడు.

సలహా బాగానే ఉంది. మర్నాడు గుప్పెట్లో మన్నుతో ఆ ప్యానెల్ ముందు నిలబడింది. నిలబడే ఉంది. మోసం చెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదని తర్వాత అందరూ మెచ్చుకున్నారు గానీ, నిజానికి తుడిచిన అద్దం మీద మన్ను పొయ్యడానికి చెయ్యి రాలేదు. మన్ను పారబోసి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్లింది.

"మేడమ్, ఆ రెండోదాన్ని నేను తుడిచాను."

"ఎప్పుడు?"

"రోజూ."

"ఎందుకు?"

"మురిగ్గా ఉంది కదండీ," అంది శుభ్రమ్మ.

ఇంజనీరమ్మ తల పట్టుకుని, తర్వాత పైవాళ్లకు రాసింది. రెండు నెలలు ఆగి మళ్లీ చూద్దామన్నారు. శుభ్రమ్మకు ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. దానితోపాటు, ఆ ప్యానెల్‌ను తుడవలేదని రోజూ పుస్తకంలో సంతకం పెట్టాలన్నారు. ఇన్నేళ్లలో చేసిన పనికి ఆమెనెవరూ సంతకం అడగలేదు.

దుమ్ము పేరుకుంది. ఒక పిట్ట రెట్ట కూడా వేసింది. శుభ్రమ్మ పంటి బిగువున సంతకం పెట్టి, ఇంటికెళ్లి కడిగిన గిన్నెల్నే మళ్లీ కడిగేది.

రెండు నెలలయ్యాక ఇంజనీరమ్మ పిలిచి కంప్యూటర్లో రెండు గీతలు చూపించింది. ఒకటి పైన, ఒకటి బాగా కింద.

"మధ్యలో ఈ ఖాళీ ఏంటి మేడమ్?"

"అదే మీ పని. మీ పన్నెండు మందిదీ."

శుభ్రమ్మ ఆ ఖాళీని చూస్తూ నిలబడిపోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఉద్యోగాలు నిలిచాయి, ట్యాంకరూ నిలిచింది.

ఇంటివాళ్లను ప్లాంటులోకి రానిచ్చే రోజున అత్తగారిని ట్యాంకరు ఎక్కించి తీసుకొచ్చారు. కనుచూపు మేర ప్యానెళ్లు మెరుస్తుంటే ఆవిడ "ఊఁ" అని ముందుకు నడిచింది. గోడ పక్కన మురికిదాని దగ్గర మాత్రం ఆగింది.

"దీన్ని వదిలేశావేమే?" అంటూ చేతిగుడ్డ తీసి చెయ్యి చాపింది.

శుభ్రమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తుడవకండి అత్తయ్యా. రోజూ చూపించమంటారే, ఇదే. మేం కడక్కపోతే అన్నీ ఇలా ఉంటాయి."

అత్తగారు ఆ ప్యానెల్‌ను చూసింది. వెనక్కి తిరిగి వరసల్ని చూసింది. మళ్లీ ప్యానెల్‌ను చూసింది. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది.

"అన్నిటినీ మీరేనా కడిగేది?" అంది.