విల్ఫ్ గేటు దగ్గరి గొంతు

నెరీడా ప్రౌస్ బస్సు మానేస్తానని చెప్పినప్పుడు నా చేతిలో మరిగే టీ కెటిల్ ఉంది. అది ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ చేత్తోనే నెత్తి మీద ఒకటి వేసేదాన్ని.

“శుక్రవారం తాళాలు ఇచ్చేస్తున్నానే జాస్,” అంది బిస్కెట్టు టీలో ముంచుకుంటూ, అదేదో రోజూ చేసే పనైనట్టు.

విల్గా క్రాసింగ్‌లో మాది రోడ్డు పక్క హోటలు, పెట్రోలు బంకు కూడా. ఈ ఎర్రమట్టి రోడ్డు మీద తిరిగే ప్రతివాడి సంగతీ నాకు తెలుసు. నెరీడా సంగతి మరీ తెలుసు, ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఆమె పెళ్ళి నిలవలేదు, గొర్రెల మంద కరువులో పోయింది. ఆ రెండింటికీ ఆమె కంట నీరు పెట్టగా నేను చూడలేదు. బడి బస్సు చేతికొచ్చాక మాత్రం మనిషికి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే సీట్లో కూర్చుని, దారిలో బళ్ళవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సిబి రేడియో మైకు తీసి, “బడి బస్సు బయల్దేరింది. లారీ బాబులూ, మీ మూడేసి ట్రైలర్లు కాస్త పక్కకి జరపండి. మీ పశువుల కంటే నా సరుకు ఖరీదు!” అని అరుస్తుంది. అటునుంచి లారీవాళ్ళు “చిత్తం మహారాణీ” అంటారు. పిల్లలెక్కగానే పాటలు పెడుతుంది. ఏ రోజు ఏ పిల్ల పాట ఎంచుకోవాలో అంతా ఆమె నోటికి వచ్చు. అలాంటిది తాళాలు ఇచ్చేస్తుందట!

“ఎందుకూ? ఎవరన్నా ఏమన్నా అన్నారా? పేరు చెప్పు, వాడి సంగతి నేను చూస్తా,” అన్నాను.

“ఎవరూ ఏమీ అనలేదు.” బిస్కెట్టు మెత్తబడి టీలోకి జారిపోయింది, ఆమె చూసుకోలేదు. “నాకు గొంతు వినిపిస్తోంది జాస్.”

వెంటనే వాళ్ళమ్మ గుర్తొచ్చింది నాకు. పెద్దతనంలో ఆవిడ గోడతో మాట్లాడేది, గోడ ఏం జవాబిచ్చిందో కూడా చెప్పేది. చివరికి ఒకరోజు కన్నకూతుర్ని చూసి “ఎవరమ్మా నువ్వు?” అని అడిగింది. ఆ రోజు మాత్రం నెరీడా మా వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చింది.

“మగ గొంతు,” అంది. “‘ఎవరైనా ఉన్నారా? వినబడుతోందా?’ అంటుంది. పొద్దున బస్సు ఖాళీగా ఉన్నప్పుడే. పాటల పెట్టెలోంచి వస్తున్నట్టుంటుంది. కానీ అది ఆపేసి ఉంటుందే! నేను పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేదాన్ని. ఇవాళ లేని గొంతు వినిపించింది, రేపు రోడ్డు మీద లేని ఆవు కనిపిస్తే? నేను స్టీరింగు తిప్పేస్తే?”

“బస్సు ఎవరికైనా చూపించావా?”

“పట్నంలో మెకానిక్కుకి చూపించాను. అంతా విప్పి చూసి, ‘భేషుగ్గా ఉంది, ఏ చప్పుడూ లేదు’ అన్నాడు.”

“గొంతు వస్తోందని చెప్పావా?”

“గరగర వస్తోందన్నాను. గొంతని ఎలా చెప్తానే? వాడు ఒక లారీవాడికి చెప్తే చాలు, సాయంత్రానికి సిబిలో రోడ్డంతా అదే మాట.”

అదీ నిజమే. ఇక్కడ రేడియోలో పడ్డ మాట ఎవరి కడుపులోనూ దాగదు. నాకు ఒళ్ళు మండింది, లోపల భయమూ వేసింది.

“రేపు నీతోపాటు నేనూ వస్తున్నా. అది ఎక్కడ వినిపిస్తుందో మాత్రం ముందు చెప్పకు.”

“నీకు వినబడకపోతే?”

“వినబడకపోతే శుక్రవారం ఆ తాళాలు నేనే పట్టుకెళ్ళి ఇస్తా.”

అనేశాను గానీ, ఆ రాత్రి కన్ను మూస్తే ఒట్టు.

మర్నాడు పొద్దున బస్సులో మేమిద్దరమే. మొదటి పిల్లలు ఎక్కే చోటు ఇంకా చాలా దూరం. పాటల పెట్టె ఆపేసి ఉందని నా కళ్ళతో చూసుకున్నాను. ఈము పక్షులు రోడ్డు దాటుతుంటే కాసేపు ఆగి, మళ్ళీ సాగాం. ముందు విల్ఫ్ డోహర్టీ గేటు వచ్చింది. విల్ఫ్ అంటే ఒంటికాయ శొంఠికొమ్ము. డింగోలనే అడవికుక్కలు రాకుండా కట్టిన కంచె మీద ఎక్కడో దూరాన ఏళ్ళ తరబడి పనిచేసి, కిందటి వేసవిలో తిరిగొచ్చాడు. రాగానే గేటుకి బోర్డు తగిలించాడు: “లోపలికి రావద్దు. సరుకులు వద్దు, దేవుడు వద్దు, పలకరింపులు వద్దు.” అంత మర్యాదగా చెప్పాక ఎవరు వెళ్తారు? ఎవరమూ వెళ్ళలేదు.

గేటు కనబడగానే నెరీడా బస్సు వేగం పెంచింది. ఎందుకా అని నేననుకునేలోపే నా నెత్తి మీది స్పీకరు గర్రుమంది.

“…న్నారా? …నబడుతోందా?”

“ఎవడే వాడు?” అని అరిచాను.

నెరీడా బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. నావైపు తిరిగింది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. “నీకూ వినబడిందా?”

“నాకేం చెవుడా?”

“ఇంకోసారి చెప్పు.”

“వినబడిందే తల్లీ, వినబడింది! నీ బుర్రలో ఏమీ లేదు. చిన్నప్పట్నుంచీ లేదనుకో!”

స్టీరింగు మీద తల పెట్టేసింది. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి, నవ్వో ఏడుపో తెలియలేదు. నాకూ కళ్ళు నిండిపోయాయి. హమ్మయ్య, హమ్మయ్య అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇద్దరం ముక్కులు ఎగబీల్చుకుంటూ, ఆ ఖాళీ రోడ్డు మధ్యలో పిచ్చివాళ్ళలా నవ్వాం.

“చాల్లే,” అన్నాను చివరికి. “వెనక్కి పోనీ. వాడెవడో తేల్చుకుందాం.”

మా ఆయన ట్రెవ్ లారీ నడిపినన్నాళ్ళూ రేడియోల రొద మా ఇంట్లో ఉన్నదే, వాటి పని నాకూ కాస్త పట్టుబడింది. బస్సు గేటు దగ్గర ఆపించి, ఇంజను కట్టేయించి, తాళంచెవి సగం తిప్పి ఉంచమన్నాను. ముందు బస్సులోని సిబి రేడియో తీగ ఊడబీకాను. గొంతు ఆగలేదు. పాటల పెట్టె ఎలాగూ ఆపేసే ఉంది. సీటు కింద దాని చప్పుడు పెంచే యాంప్లిఫయరు ఉంది, పెట్టె ఆపినా అది ఆగదు. దాన్నుంచి స్పీకర్ల తీగలు పీకాను. టక్కున నోరు మూతపడింది. మళ్ళీ తగిలిస్తే మళ్ళీ గరగర. అంటే బస్సులో దయ్యమూ లేదు, భూతమూ లేదు. దగ్గర్లో ఎవడిదో మహా బలమైన రేడియో ఉంది. బస్సు పొడుగునా సాగిన ఈ తీగలు ఏరియల్‌లా దాన్ని పట్టుకుని యాంప్లిఫయర్లో పోస్తున్నాయి. ఇక్కడ పుట్టే గొంతు పట్నంలో మెకానిక్కుకి ఎలా వినబడుతుంది? ఇక్కడేమో ఈవిడ భయంతో ప్రతిసారీ వేగం పెంచి పారిపోయింది, ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు.

ఇప్పుడు విన్నాం.

“డింగో కంచెని మాట్లాడుతున్నా. ఎవరైనా ఉన్నారా? నా మాట వినబడుతోందా?” తర్వాత ఒక దగ్గు. “సరే. రేపు మళ్ళీ వస్తా.”

నెరీడా నా చెయ్యి పట్టుకుంది. డింగో కంచె అంటే రేడియోలో విల్ఫ్ పేరు. ఒకప్పుడు ఫలహారాలు కాగానే ఇక్కడ ప్రతి ఇంటివాళ్ళూ పాత సెట్టు ముందు కూర్చుని, రేడియో పేరు చెప్పి, బాగున్నామని ఒక మాట అనుకునేవాళ్ళం. విల్ఫ్ కంచె మీద ఉన్న కాలంలో అందరం ఈ బస్సులో ఉన్నలాంటి కొత్త రకం సెట్లకి మారిపోయాం. పాతదాని మాట కొత్తదానికి వినబడదు. ఆ సంగతి ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. ఎవరూ పలక్కపోతే తన సెట్టుకి బలం చాలడం లేదనుకున్నాడు పాపం. తల ఎత్తి చూస్తే ఇంటి మీద ఏరియల్ కొబ్బరిచెట్టంత ఉంది. కింద ఎంతెంత బూస్టర్లు పెట్టాడో ఆయనకే తెలియాలి.

మా దగ్గరి మగవాళ్ళింతే. ఒక ఇంటి తలుపు కొట్టి “ఒంటరిగా ఉంది” అనమంటే చచ్చినా అనరు. రేడియోలో పిలవడానికి మాత్రం నామోషీ లేదు.

“పద, వెళ్ళి ఆ ముసలాడికి నాలుగు అంటిస్తా,” అని లేచాను.

“బోర్డుంది జాస్.”

“బోర్డు పీకి పొయ్యిలో పెడతా!”

“వద్దే,” అంది నెరీడా. “ఆయన ఎక్కడ పిలుస్తున్నాడో అక్కడే పలుకుదాం.”

ఆ సాయంత్రం ట్రెవ్ మా కొట్టంలోంచి పాత సెట్టు తీశాడు. లోపల కందిరీగలు కాపురం పెట్టాయి. “మీ ఆడాళ్ళకి దయ్యాలు, నాకు చాకిరీ,” అని గొణుగుతూనే దాన్ని బస్సులో బిగించాడు. యాంప్లిఫయరు ఎర్త్ తీగని రంగు గీకిన ఇనుముకి గట్టిగా కట్టాడు, స్పీకర్ల తీగలు కురచ చేసి, బయటి గొంతులు చొరబడకుండా వాటికి నల్లటి ఇనుప గుండ్లు తొడిగాడు. “ఇక విల్ఫ్ నీ పాటల పెట్టెలో పాడడు,” అన్నాడు నెరీడాతో.

గురువారం పొద్దున మళ్ళీ గేటు దగ్గర ఆగాం. స్పీకరు కిక్కురుమనలేదు. పాత సెట్టులో మాత్రం గొంతు పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది.

“డింగో కంచెని. ఎవరైనా ఉన్నారా? నా మాట వినబడుతోందా?”

రోజూ లారీల మీద అరిచే మనిషి, మైకుని రెండు చేతులా పట్టుకుంది.

“ఉన్నాం విల్ఫ్. నేను నెరీడాని, బడి బస్సు. నీ గేటు ముందే ఉన్నా.”

సెట్టు పాడైందేమోనని నేను తట్టబోయాను.

“నీకు… వినబడుతోందా?”

“వినబడకపోవడమా! నువ్వొచ్చినప్పట్నుంచీ వింటూనే ఉన్నా.”

“మరి పలకవేం?”

“నాకు పిచ్చెక్కిందనుకున్నా విల్ఫ్.”

అటునుంచి దగ్గు లాంటిదేదో వచ్చింది. అది నవ్వు.

“రోజూ ఎవరూ లేనిచోట మాట్లాడుతున్నానని, నాకే ఎక్కిందనుకున్నా,” అన్నాడు.

నెరీడా కళ్ళు తుడుచుకుంది. నేనూ కిటికీలోంచి బయటికి చూశాను, బోర్డు అలాగే ఉంది.

“రేపు కూడా ఈ దారినే వస్తావా?” అడిగాడు విల్ఫ్, చాలా నెమ్మదిగా.

రేపు శుక్రవారం. నెరీడా నావైపు చూసింది, తర్వాత బస్సు తాళంచెవి వైపు చూసింది.

“ఇది నా బస్సు విల్ఫ్,” అంది. “నేను రాకపోతే ఇంకెవరొస్తారు?”