గుట్ట మీద మొక్కు, ఆలేరులో కబడ్డీ

మీ బిడ్డ ఆడే ఆటను ఒక్కసారైనా చివరిదాకా చూశారా?

మా తమ్ముడు చూడలేదు. ఓడితే ఆట మాన్పిస్తానని కూతురిని బెదిరించాడు. ఆమె ఆలేరులో కబడ్డీ ఫైనల్ ఆడుతుంటే, ఆ గెలుపు కోసమే యాదగిరిగుట్టలో దర్శనం వరుసలో నిలబడ్డాడు. పులిహోర పొట్లంతో మైదానానికి వచ్చేసరికి ఆట అయిపోయింది.

"గెలిచినవా?"

"ఓడినం బాపూ. గని వాళ్ల కెప్టెన్‌ను నేనొక్కదాన్నే పట్టిన. నువ్వుంటే చూస్తుంటివి."

"ఎట్ల పట్టినవే?"

"కాలియ్యి, చూపిస్త."

పట్టి లాగింది. తమ్ముడు పులిహోరతో సహా దుమ్ములో కూలబడ్డాడు. ముందు ఆమె నవ్వింది, తర్వాత అతనూ నవ్వాడు.

"రేపు ప్రాక్టీసుకు నేను గూడ వస్త" అన్నాడు.

ఓడిన రోజున కూడా అంత ఉల్లాసంగా ఉన్న ఆ పిల్ల ముందు ఆట చూడమని తమ్ముడితో నేను ఇన్నాళ్లూ చేసిన వాదాలన్నీ చిన్నవనిపించాయి.

మొక్కులు కట్టిపెట్టండి. వెళ్లి మీ పిల్లల ఆట చూడండి.