ధర్మకాంటలో డెల్ఫీ

2022, యాసంగి వడ్లు వచ్చే కాలం. బాన్సువాడలో నాది కంప్యూటర్ సర్వీస్ దుకాణం. పెద్ద కొడప్‌గల్ దారిలో సావిత్రక్క నడిపే ధర్మకాంటలో, అంటే ట్రాక్టర్లను వడ్లతో సహా తూచే చోట, కంప్యూటర్ కాలిపోయిందని ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి ట్రాక్టర్ల వరస రోడ్డు దాకా ఉంది. పడమర మబ్బు పట్టింది. తూకం కానిదే మిల్లువాళ్లు వడ్లు దింపుకోరు, తడిస్తే అసలే తీసుకోరు.

మదర్‌బోర్డు పోయింది, హార్డ్ డిస్క్ బాగానే ఉంది. అందులోని తూకం ప్రోగ్రామ్ నా స్నేహితుడు రఘు రాసింది. హైదరాబాదులో ఇద్దరం ఒకే గదిలో ఉండి కోర్సులు చేశాం. అప్పట్లో విండోస్ ప్రోగ్రాములు రాయడానికి పేరున్న సాధనాలు విజువల్ బేసిక్, డెల్ఫీ. నాది మొదటిది, వాడిది రెండోది. అన్నం దగ్గర కూడా అదే కొట్లాట. ఉద్యోగ ప్రకటనల్లో నా పక్షమే గెలిచింది. రఘు ఊరికొచ్చి చెరుకు సాగులో పడ్డాడు.

"అక్కా, గీ పాతది ఇగ వద్దు, నాది పెడ్త" అన్నాను.

"ఏదన్న పెట్టు గానీ జల్ది పెట్టు" అంది సావిత్రక్క.

వెంట తెచ్చిన కంప్యూటర్‌లో, విజువల్ బేసిక్‌లో రాసిన నా తూకం ప్రోగ్రామ్ ఎక్కించాను. కాంటా నుంచి కేబుల్‌లో వచ్చే అంకెలను చదివే ఓసీఎక్స్ ఫైలు లేదంది. విజువల్ బేసిక్ తీరే అంత, పెళ్లికొడుకు వెంట చుట్టాలందరూ రావాల్సిందే. ఒక ఫైలు పెడితే ఇంకొకటి అడిగింది.

వరసలో ముందున్న తండా రైతు గోప్యా లోపలికొచ్చాడు. అతని ట్రాలీ మీద కప్పడానికి టార్పాలిన్ లేదు.

"ఏందన్నా, నిన్నటిదాంక నడిచింది గదా. గదే పెట్టరాదు?"

"గది పాతదే. ఇప్పుడు ఎవ్వలు వాడుతలేరు."

"మేం వాడుతున్నం గదా! నా వడ్లు తడిస్తే ఎవడు కొంటడు?"

పాత హార్డ్ డిస్క్ తగిలించి రఘు ప్రోగ్రామ్ కాపీ చేశాను. డెల్ఫీ కావలసినవన్నీ ఒకే ఫైలులో కలిపేస్తుంది. తెరవగానే తెరమీద బరువు పడింది. గోప్యా ట్రాలీ మిల్లు షెడ్డులోకి చేరాక వాన దంచింది. సంతోషమైంది, కొంచెం ఒళ్లు మండింది కూడా.

రఘుకు ఫోన్ చేశాను. "నీ డెల్ఫీయే గెలిచిందిరా."

"గెలిస్తే నేను చెరుకు తోటల ఎందుకుంటిరా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బజారులో నిలిచినదే పనిలో కూడా నిలుస్తుందని లేదు. అప్పటినుంచి దుకాణానికి వచ్చేవాళ్లకు, ఏ పాత ప్రోగ్రామ్‌నైనా ఒకసారి నడిపి చూశాకే మార్చమని చెబుతున్నాను. రాసినవాడు దొరికితే, బాగా రాశావని కూడా చెబుతాను. రఘుకు ఆ ఫోన్‌లోనే చెప్పాను. వాడు, "వానకు గట్టు తెగినట్టుందిరా, పోవాలె" అని ఫోన్ పెట్టేశాడు.