ఆపమన్నది నేనే

ఆ రోజు శ్రీరంగాపూర్ దగ్గరి వాగులో ఏం జరిగిందని ఇన్నేళ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు. సర్వే ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వాగుల్లో ఏయే చేపలున్నాయో చూసే సర్వేకు మరికొందరితో పాటు నన్ను తాత్కాలికంగా తీసుకున్నారు. నీళ్లలోకి కరెంటు వదిలితే చేపలు స్పృహ తప్పి తేలుతాయి. వలతో తీసి, కొలిచి, తేరుకున్నాక వదిలేయాలి. ఆ పని నేర్పడానికి పట్నం నుంచి ఒక సారు వచ్చాడు. బ్యాటరీ ఆయన వీపున, కడ్డీ ఆయన చేతిలో. కడ్డీ మీది మీట నొక్కినంతసేపే కరెంటు. ఎవరు ‘ఆపు’ అన్నా మీట వదలాలి. ఆ నియమం చెప్పింది ఆయనే. నేను నోటుబుక్కులో రాసుకుంటుంటే నవ్విందీ ఆయనే.

వాగు తెలిసినవాడని ఊళ్లోని ముసలి జాలరిని వెంట తీసుకున్నారు. ఆయన చిన్నప్పటి నుంచి రాళ్ల కింద చేతులు పెట్టి చేపలు పట్టినవాడు. రబ్బరు బూట్లు తొడుక్కున్నాడు గాని, రబ్బరు గ్లౌజులు ఇస్తే నడుముకు దోపుకున్నాడు.

“తాతా, తొడుక్కో.”

“ఇవి తొడుక్కుంటే చేప యాడున్నదో చేతికెట్ల తెలుస్తది బిడ్డా?”

సారుకు చెప్పాను.

“గింత భయమైతే ఒడ్డు మీద కూసొని చెప్పులకు కావలుండు,” అన్నాడు.

ఒడ్డున కూర్చోలేదు. పొద్దున్నుంచీ చేపలను కాదు, ఆ ముసలి చేతులనే చూస్తూ నడిచాను. ఒక పెద్ద రాయి పక్కన మూరెడు కొర్రమట్ట వెల్లకిలా తేలింది. ముసలాయన వంగాడు. తప్పు ఆయనది కాదు. చేప కనిపిస్తే ఆ చేయి ఆయనను అడగకుండానే పోతుంది.

“ఆపు,” అన్నాను. సారు తల తిప్పాడు గాని మీట వదలలేదు. మళ్లీ అరిచాను. ముసలాయన వేళ్లు నీటికి జానెడు దూరంలో ఉన్నాయి. చేతిలోని వల కర్రతో కడ్డీని కొట్టాను. అది సారు చేతిలోంచి జారి రాతి మీద పడి విరిగింది. కొర్రమట్ట తేరుకుని ముసలాయన వేళ్ల సందున తప్పించుకుంది.

“బంగారమసొంటి చేపను పోగొడ్తివి గదరా,” అన్నాడు ముసలాయన.

శిక్షణ పూర్తయినట్టు అందరికీ వనపర్తిలో కాగితాలిచ్చారు. నా పేరు ఎదురుగా మాత్రం ‘పరికరం పట్ల నిర్లక్ష్యం’ అని రాశారు. సర్వే గద్వాల వైపు పోయినప్పుడు నన్ను పిలవలేదు. నా స్థానంలో ఎవరున్నారో, వాళ్లు ఆపమంటే ఎవరైనా విన్నారో లేదో అన్న భయం ఇప్పటికీ పోలేదు.

సారూ, నేను ఆపమన్నది ఆ రోజు మీకు వినిపించిందా, లేదా? ఆ ఒక్కమాట చెప్పండి.