బస్సు మెట్టు కింద క్యారేజీ

డెబ్బైల చివర్లో మా ఆయనకు ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు మీద లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. షెడ్డులో ఆడోళ్లకేం పని అని కసిరేవాడు. పనిలో పడితే తిండి గుర్తుండదు. ఆ రోజు కూడా మధ్యాహ్నం దాటిపోతే, తిట్టుకుంటూ నేనే క్యారేజీ పట్టుకెళ్లాను.

చూస్తే అక్కడ లారీ లేదు, చక్రాల మీద ఒక ఇల్లే ఉంది! హంపీ చూసి మంత్రాలయం వెళ్తున్న తెల్లవాళ్ల బస్సట. లోపల మంచం, పొయ్యి, కిటికీలకు పూల పరదాలు. గుంతల దారిలో సైలెన్సర్ ఊడిందట. వాళ్లు బజారుకు వెళ్లారు. మా ఆయన కాళ్లు మాత్రం బస్సు కింద నుంచి కనబడుతున్నాయి.

"రొట్టె సల్లారిపోతాంది, రాకూడదా?"

"వస్తాండాలే, ఆడ పెట్టు."

ఎండ తగలకుండా క్యారేజీని బస్సు మెట్టు కిందికి తోశాను. మూతకూ మెట్టుకూ నడుమ నా చెయ్యి దూరేంత సందు ఉంది. కూర్చుని కూర్చుని ఒళ్లు మండింది. మాడి చావనీ, ఇంటికి పోదామని క్యారేజీ లాగాను. రాలేదు. మెట్టు మూతను అదిమి పట్టుకుంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"బయటికి రా! బండి కిందికి దిగుతాంది!"

"యాడ దిగుతాది? ఇరుసు కింద మొద్దులు పెట్టినా. పదేండ్లుగా ఇట్నే చేస్తాండా."

"నీ పదేండ్లు మండిపోను! వస్తావా, కాళ్లు పట్టి ఈడ్సమంటావా?"

సణుగుతూ వచ్చాడు. నన్ను తిట్టడానికి నోరు తెరిచాడో లేదో, బుస్సుమంటూ బస్సు జానెడు కిందికి దిగింది. క్యారేజీ అణిగిపోయింది. ఆయన ఉన్న చోట ఇప్పుడు పిల్లి కూడా పట్టదు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

తర్వాత వంగి చూసి చెప్పాడు. లారీకి ఇరుసుకూ చట్రానికీ నడుమ ఇనుప పట్టీల కట్టలుంటాయి; దీనికి రబ్బరు సంచుల్లో గాలి. మొద్దులు మోసింది ఇరుసునే. దాని మీదున్న ఇంటిని మోసింది ఉత్త గాలి. అది కారిపోయింది.

పత్తి జిన్నింగు మిల్లు నుంచి దూలాలు తెప్పించాడు. జాకీలతో బస్సును ఎత్తి, ఈసారి చట్రం కిందే నాలుగు మూలలా పేర్చాడు. తోసి చూశాడు. కదల్లేదు. దూరబోయి ఆగి, నా వైపు తిరిగాడు.

"నువ్వూ ఒకసారి సూడు. పోవచ్చునా?"

నాలుగు మూలలూ తిరిగి చూశాను. నలిగిన క్యారేజీలోంచి రొట్టె గీకి తీసి ఆయన చేతిలో పెట్టాను.

"తిని పో."