నెట్టు మీది మనిషి

తెనాలి గోడౌన్లలో బస్తాలను వరసలు వరసలుగా కప్పు దాకా పేర్చిన గుట్టను నెట్టు అంటారు. మోసేవాళ్ళు చాలామంది ఉంటారు, పేర్చేవాడు కూలీల ముఠాకు ఒక్కడే. అంగలకుదురు అంద్రెయ ఆ ఒక్కడు కావడానికి ఏళ్ళ తరబడి కింద బస్తాలు మోశాడు.

అరవైల చివర్లో నెట్టు ఎక్కాడు. మళ్ళీ బస్తా వీపు మీద పెట్టుకోవలసిన పని లేకపోయింది. కిందివాడు ఏటవాలుగా వేసిన బల్ల మీదుగా ఎక్కివచ్చి బస్తా వదిలితే అంద్రెయ కొక్కెంతో లాగి, మోకాలితో ఒక్క పోటు పొడిచి కూర్చోబెట్టేవాడు. ఒక వరస నిలువు, దాని మీది వరస అడ్డం. గోనె సంచి గరుకుగా ఉంటుంది, పక్కదాన్ని పట్టుకుంటుంది. అతను కట్టిన నెట్టు ఒక్కటీ ఒరగలేదు. బాపట్ల మిల్లుల వాళ్ళు కూడా పిలిపించుకునేవారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ముఠా అంతా ఆ నెట్ల పక్కనే నడుం వాల్చేది.

అక్క నాగమ్మ మొగుడు లూకాను ముఠాలో చేర్పించింది అతనే. చోటు అంత తేలిగ్గా దొరికేది కాదు. ఎవడో పోతేనో మంచాన పడితేనో ఖాళీ అయ్యేది. ముఠా మేస్త్రి మార్కు చుట్టూ తిరిగి అంద్రెయ బావ పేరు ఎక్కించాడు.

డెబ్బై నాలుగు వేసవిలో రేపల్లె గోడౌన్‌కు యూరియా వచ్చింది. గోనెల్లో కాదు, తెల్లటి ప్లాస్టిక్ సంచుల్లో. కొక్కెం వేస్తే చిరుగుతుంది, వెయ్యొద్దన్నాడు గుమాస్తా జనార్దనరావు. చెమట చేతుల్లో సంచులు నిలవలేదు.

"ఇవి బస్తాలా, కొర్రమీనులా?" అన్నాడు లూకా కింది నుంచి. "బామ్మర్దీ, రెండు వరసలు తగ్గించవయ్యా. జారేట్టున్నాయి."

"మొయ్యడం నీ పని, పేర్చడం నా పని. నేను కట్టింది ఎప్పుడన్నా పడిందా?"

"పళ్ళేదులే. పడితే మాత్రం నా మీదే పడుద్ది, నువ్వు పైనుంటావుగా."

ముఠా నవ్వింది. లారీలు బయట వరసగా ఆగి ఉన్నాయి. అంద్రెయ గోనె సంచులను పేర్చిన ఎత్తుకే వాటినీ పేర్చాడు.

నెట్టు ఆ రోజు నిలబడింది. ఆ వారమంతా నిలబడింది. తర్వాత సరుకు బయటికి తీసేటప్పుడు లూకా ముందు వరస అడుగున నిలబడి ఒక సంచి లాగాడు.

గోనె నెట్టు కూలే ముందు చెబుతుంది. కుట్లు పిటపిటమంటాయి, సందుల్లోంచి దుమ్ము రాలుతుంది. ముఠావాళ్ళు ఆ చప్పుడు విని పక్కకు దూకడానికి అలవాటు పడ్డవాళ్ళు. ఈ నెట్టు ఏమీ చెప్పలేదు. ముందు భాగమంతా ఒక్కసారిగా జారి కిందికి వచ్చింది. సంచులు తీసి చూస్తే లూకా బతికే ఉన్నాడు. తుంటి నుజ్జయింది.

తెనాలి ఆసుపత్రిలో చాలా రోజులుంచి పంపేశారు. నిలబడలేడు, కూర్చోలేడు. గోడౌన్ యజమాని ఆసుపత్రికి తీసుకెళ్ళిన లారీ కిరాయి ఇచ్చి ఊరుకున్నాడు. ఇక మిగిలింది ముఠాలో లూకా చోటు ఒక్కటే. ఆ చోటుకు వచ్చే కూలి వాటా మీదే ఇల్లు గడవాలి. కోతలయ్యేదాకా చోటు ఆగుతుంది, ఆ తర్వాత ఇంకొకడికి పోతుంది. అతని పేరు మీద ఎవరైనా మోస్తే మాత్రం ఉంటుంది. అది ముఠా కట్టుబాటు.

"నేను మోస్తా," అన్నాడు అంద్రెయ.

"ఇద్దరి బస్తాలూ?" అన్నాడు మార్కు. "నెట్టు దిగాల్సుంటది."

"దిగుతా."

"నలభై దాటినాయిరా నీకు."

"తెలుసులే."

ముఠాలో ఎవరూ వద్దనలేదు. అతను కట్టే నెట్టు పక్కన పడుకోవడం వాళ్ళు అప్పటికే మానేశారు.

అప్పటి నుంచి తన వంతు ఒకటి, లూకా వంతు ఒకటి మోశాడు. మిగతావాళ్ళు బీడీ కాల్చుకునే వేళ కూడా అతను బల్ల మీదే ఉండేవాడు. వాటా ఇవ్వడానికి అక్క ఇంటికి వెళ్తే నాగమ్మ అందుకుని లోపలికి వెళ్ళిపోయేది. లూకా మాత్రం మంచంలోంచి ఎగతాళి చేసేవాడు.

"నా పేరుతో మోస్తన్నావంట. సరిగ్గా మొయ్యి, నాకు చెడ్డపేరు తేకు."

డెబ్బై ఏడు నవంబరు తుఫాను తర్వాత రేపల్లె వైపు గోడౌన్లలో తడిసిన ధాన్యం బయటికి మొయ్యాల్సి వచ్చింది. నీళ్ళు పీల్చిన బస్తా మామూలు బస్తా కాదు. మొలకలెత్తి, కుళ్ళి, వీపు మీద కారుతూ ఉండేది. అంద్రెయ రెండు వంతులూ మోశాడు. ఒక పూట బల్ల దిగుతూ కూలబడ్డాడు. లేపితే నడుం నిలవలేదు.

మార్కు అతని ఇంటికి వచ్చాడు. అంద్రెయ భార్య కనకరత్నం గుమ్మంలో నిలబడింది.

"ఇంక బస్తా ఎత్తలేవు," అన్నాడు మార్కు. "చిరిగిన సంచులు దబ్బనంతో కుట్టే పనుంది, కూర్చుని చేసేదే. అది ఒక పేరుకే ఇవ్వగలను. రెండో పేరు కొట్టెయ్యాలి."

"బావ పేరుంచు."

"మరి మన సంగతేంటి?" అంది కనకరత్నం.

తర్వాత వచ్చిన ఎండాకాలం నుంచి ఆమె దుగ్గిరాలకు పసుపు ఏరే కూలికి వెళ్ళడం మొదలుపెట్టింది.

సంగతి తెలిసి నాగమ్మ వచ్చింది. మూడేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. తమ్ముడి ముఖం చూడకుండా అంది.

"నీ పేరే ఉంచుకో. ఆయన ఎటూ లేచేది లేదు."

"నీకు పిల్లలున్నారక్కా."

"నీకు లేరా?"

నాగమ్మ కనకరత్నం ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది. లూకా పేరు కొట్టెయ్యమని మాత్రం మార్కు దగ్గరకు పోలేదు.

నడుం కాస్త సర్దుకున్నాక ఒక పొద్దున అంద్రెయ చేతికర్రతో గోడౌన్‌కు చేరాడు. నెట్టు మీద కొత్తవాడు ఎక్కి ఉన్నాడు. మార్కు పేర్లు పిలుస్తున్నాడు. అంద్రెయ అన్న పేరు పిలవలేదు. లూకా అని పిలిచాడు.

"ఉన్నా," అని అంద్రెయ చిరిగిన సంచుల దగ్గర కూర్చున్నాడు.